సొంతంగా ఒక తప్పు

రెండో రోజు సభ అలకతో మొదలైంది. "నేను అనేది ఒట్టి భ్రమ" అని రుజువు చేయడానికి విమానమెక్కి వచ్చిన పెద్దాయన, వేదిక మీద తన పేరు రాసిన పలక పూలకుండీ వెనక పడిందని మైకు ముట్టుకోనన్నాడు. నిర్వాహకులు పరుగున వచ్చి, కుండీని జరిపి, పలకను ముందుకు లాగి, హాల్లో చివరి వరసవాళ్ళకి కూడా కనిపిస్తోందని ఒట్టేసేదాకా, లేనే లేని ఆ మనిషి మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

గాజు గదిలోంచి అదంతా చూస్తూ అక్కా నేనూ పడీ పడీ నవ్వుకున్నాం. మైకులు ఇంకా వేయలేదు కాబట్టి నవ్వొచ్చు.

మేం దుబాసీలం. పెద్ద సభలు జరిగే హాళ్ళలో వెనక గోడకి ఆనించి ఒక చిన్న గాజు గది ఉంటుంది. అందులో రెండు కుర్చీలు, రెండు మైకులు, ఒక్కో మైకుకీ ఒక మీట, అది నొక్కితే వెలిగే ఎర్ర దీపం. వేదిక మీద పరాయి భాషలో ఎవరేం మాట్లాడినా, ఆ మాట చల్లారకముందే మన భాషలోకి తిప్పి, ముందు కూర్చున్నవాళ్ళ హెడ్‌ఫోన్లలో పోస్తాం. మాట్లాడేవాడు "నేను" అంటే మేమూ "నేను" అనాలి. "ఆయనగారు ఇలా సెలవిస్తున్నారు" అంటే ఈ వృత్తిలో నవ్విపోతారు. అలా నేను మంత్రినయ్యాను, ఎరువుల కంపెనీకి అధిపతినయ్యాను, గుండె ఆపరేషన్లు చేశాను, ఓడిపోయిన జట్టు తరఫున కన్నీళ్ళు పెట్టుకున్నాను. సాయంత్రమయ్యేసరికి బస్సులో నిలబడి ఇంటికొచ్చాను.

ఈ పనిలో తప్పుగా అనువదిస్తే తిడతారు. వెనకబడితే విసుక్కుంటారు. కానీ నేరమనేది ఒకటే: సొంత మాట. వేదిక మీద పుట్టని వాక్యం మా నోట్లోంచి ఒక్కటి బయటికొచ్చినా ఇక ఇంట్లో కూర్చోవలసిందే.

ఆ సభ విషయం, వ్యక్తి అస్తిత్వమూ ఏక చైతన్యమూ కలిసి ఉండగలవా అని. అర్థం కానివాళ్ళ కోసం కరపత్రంలో ఇంకొంచెం అర్థం కాకుండా వివరించారు. సూటిగా చెప్పాలంటే ఇదీ సంగతి: లోకంలో ఎరుక అనేది ఒక్కటే ఉండి, అదే అందరి కళ్ళలోంచీ చూస్తోందా, ఎవరి బుర్ర వాళ్ళదేనా, లేక రెండూ నిజమయ్యే దారి ఏదైనా ఉందా? ఒకే స్నానాల గది వాడుకునే అక్కచెల్లెళ్ళని ఎవరినడిగినా నిలబడ్డ పాటున తేల్చేస్తారు. వీళ్ళు దీనికి రెండు రోజుల సభ పెట్టుకున్నారు. అలిగిన పెద్దాయన అంతా ఒకటే అనే పక్షం. ఆయన ఎదుటి పక్షం ఒక బక్కపలచని ఆచార్యుడు, ఎవరికి వారే అంటాడు. పలకల మీది అసలు పేర్లు పలకడానికే మా నాలుకలు అలిసిపోతాయి కాబట్టి, మాలో మేం ఒకాయన్ని ఏకం గారనీ, రెండో ఆయన్ని వేరు గారనీ పిలుచుకున్నాం.

ఒక గదికి ఇద్దరు దుబాసీలు ఎందుకంటే, ఈ పని ఒక్కరే చేసుకుపోతే కాసేపటికి మెదడు మొద్దుబారుతుంది. వంతులు మార్చుకోవాలి. మిగతా జంటలు వంతు మార్చుకుంటే వినేవాళ్ళకి తెలిసిపోతుంది, గొంతు మారుతుంది కదా. మా విషయంలో తెలీదు. చిన్నప్పుడు ఫోన్లో మా అమ్మే పోల్చుకోలేక "ఎవరే, పెద్దదానివా చిన్నదానివా?" అనేది. పెద్దయ్యాక మేం ఆ పోలికను పట్టుకుని సాన పెట్టాం. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఏ మాట దగ్గర సాగదీయాలో అన్నీ ఒకటి చేసుకున్నాం. వాక్యం సగంలో అక్క ఆపితే మిగతా సగం నేను చెబుతాను, హాల్లో ఒక్క తలా తిరగదు.

అంతకంటే గొప్ప విద్య ఇంకోటుంది. అక్క నోరు జారిందనుకోండి, ఆ క్షణమే నా మీట నొక్కి సరైన మాట అందిస్తాను. వినేవాళ్ళకి ఒకే మనిషి పొరపాటున ఒక మాట అనేసి వెంటనే సర్దుకున్నట్టు ఉంటుంది. నేను జారితే అక్క సర్దుతుంది. ఇది ఆలోచించి చేసేది కాదు. దోమ వాలితే చెయ్యి లేస్తుందే, అలాంటిది.

ఈ విద్యకి లోకం మాకిచ్చిన బహుమానం ఏమిటంటే, మా ఇద్దరికీ కలిపి ఒకటే పేరు. "అక్కచెల్లెళ్ళని పిలిపించండి." "అక్కచెల్లెళ్ళు వచ్చారా?" "అక్కచెల్లెళ్ళకి టీ పంపించండి." ఆ టీ కూడా ఒక్క కప్పే వచ్చేది. నలభై దాటిన మనిషిని. ఎవరైనా నన్ను నా పేరు పెట్టి పిలిచి, నా కప్పు నా చేతికివ్వాలని నాకు ఎంత ఆశగా ఉండేదో చెప్పలేను. ఒక్కోసారి ఏడుపొచ్చేది.

అందుకే ఒక పెద్ద సంస్థ తన సొంత గాజు గదికి శాశ్వతంగా ఒక దుబాసీని తీసుకుంటుందని తెలిసి, వెంటనే దరఖాస్తు పెట్టాను. ఒక్కరినే తీసుకుంటారు. వాళ్ళు పరీక్షలు పెట్టరు, పని జరుగుతున్నచోటికి వచ్చి విని పోతారు. ఈ సభ రెండో రోజున వస్తామని కబురు పెట్టారు.

అక్క దగ్గర దాచలేదు. దాచడం నాకు చేతకాదు. చెప్పి, గుండె చిక్కబట్టుకుని నిలబడ్డాను. "వెళ్ళవే, ఎవరాపారు? ముందు ఆ పాలు పొంగుతున్నాయేమో చూడు" అంది. వెళ్ళి చూశాను. పాలు ఇంకా పొయ్యి మీద పెట్టనే లేదు.

రెండో రోజు ఉదయం, ఏకం గారి పలక సమస్య తీరాక, సంస్థ తరఫున వచ్చినావిడ మూడో వరసలో కూర్చుంది. మా వైపు వీపు. ఒక చెవికే హెడ్‌ఫోను పెట్టుకుని రెండో చెవి ఖాళీగా వదిలింది. రెండు భాషలూ వచ్చినవాళ్ళు అలాగే వింటారు. ఖాళీ చెవిలో అసలు మాట, రెండో చెవిలో మా మాట, రెంటినీ తూకం వేసుకుంటారు. "ఒంటిచెవి ఆవిడ వచ్చేసింది" అంది అక్క.

అప్పుడు పడింది నా గుండెలో రాయి. ఎవరు ఎవరో తెలీకుండా ఉండడానికి ఇన్నేళ్ళూ చచ్చి చెడి సాధన చేశాం కదా, మరిప్పుడు ఈవిడ నన్ను పోల్చుకునేదెలా? మధ్యలో "ఇప్పుడు మాట్లాడేది చిన్నదండీ" అని చెప్పనా? కాసేపు కొంచెం పాడుగా మాట్లాడవే అని అక్కని బతిమాలనా? ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. సిగ్గేసి మింగేశాను.

మొదటి వంతు అక్కది. ఏకం గారు సముద్రంతో మొదలుపెట్టాడు. తత్త్వవేత్తల ఇళ్ళలో సముద్రం తప్ప ఇంకో సామాను ఉన్నట్టు లేదు, ఎవడు లేచినా దాన్నే మోసుకొస్తాడు. ప్రతి కెరటమూ తాను వేరనుకుంటుంది గానీ నిజానికి అది సముద్రమే అని ఆయనన్నాడు. అక్క అనువదించింది: "ప్రతి సముద్రమూ తాను వేరనుకుంటుంది."

నా వేలు మీట మీదికి వెళ్ళిపోయింది. "ప్రతి కెరటమూ" అన్నాను. ఆయన సిద్ధాంతం ప్రకారం రెండూ ఒకటే గనక నిజానికి అక్కడ తప్పేమీ జరగలేదు. అయినా సర్దాను.

ఇంకాసేపటికి అక్క ఒక "కాదు"ను మింగేసింది. వాక్యం తలకిందులైంది. హాల్లో అందరూ తలూపారు, అది వేరే సంగతి. నేను సర్దాను. ఆ తర్వాత "దేహం" అనాల్సిన చోట "దేశం" అంది. సర్దాను. అక్క ఇలా ఎన్నడూ తడబడలేదు. ఒంట్లో బాగా లేదేమో, రాత్రి నిద్ర పట్టలేదేమో అని కంగారు పడ్డాను. నేను వెళ్ళిపోతానన్న బెంగేమో అనుకుని కొంచెం మురిసిపోయాను కూడా. ఆ తప్పులు నాకే మేలు చేస్తాయన్న ఆలోచన బుర్రకెక్కేలోపే వేలు తన పని తాను చేసుకుపోతోంది. సర్దిన ప్రతిసారీ అక్క నా వైపు గుడ్లురిమి చూసింది. కృతజ్ఞతను అలా చూపిస్తోంది కాబోలనుకున్నాను.

తర్వాత వేరు గారు లేచాడు. అక్కే మాట్లాడుతోంది, వంతు వదలనని సైగ చేసింది.

ఆయనన్నాడు: "ఒప్పు అందరిదీ. రెండూ రెండూ కలిస్తే నాలుగన్నది ఎవరి సొత్తూ కాదు. నేను పోయినా అది నాలుగే. కానీ నేను అయిదు అన్నాననుకోండి, ఆ అయిదు నాది. అందులో నా తొందర ఉంది, నా పరధ్యానం ఉంది, నా పెంపకం ఉంది. ఇంకెవరూ అచ్చం అలా తప్పు చేయలేరు. నేనంటూ ఒకణ్ణి ఉన్నాననడానికి నా దగ్గరున్న రుజువు నా తప్పులే."

ఇది మాత్రం అక్క పొల్లు పోకుండా చెప్పింది. నెమ్మదిగా, ఒక్కొక్క మాటనూ చప్పరిస్తున్నట్టు చెప్పింది.

ఇంతలో సభలోంచి ఒకాయన లేచి, అయ్యా, మీరు తెర మీద చూపించిన పటంలో రెండు గీతలు తారుమారయ్యాయి అన్నాడు. వేరు గారు పటం వైపు చూసి, అది తన శిష్యుడు గీసిందన్నాడు. తానున్నానన్న రుజువును అంత తేలిగ్గా శిష్యుడికి రాసిచ్చేశాడు మహానుభావుడు.

జవాబు చెప్పడానికి ఏకం గారు మళ్ళీ మైకు లాక్కున్నాడు. వాదం వేడెక్కింది. "విడి మనిషి లేడు. కాబట్టి విడి తప్పూ లేదు" అని బల్ల చరిచాడు.

"విడి మనిషి ఉన్నాడు" అంది అక్క.

నేను మీట నొక్కాను. "లేడు. విడి మనిషి లేడు."

ఏకం గారు గుక్క తిప్పుకోడానికి మంచినీళ్ళ గ్లాసు ఎత్తాడు. అక్క తన మైకు ముందు నుంచి కదలకుండానే మొహం నా వైపు తిప్పింది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

"ఒక్క తప్పైనా నన్ను సొంతంగా చేయనివ్వవా? ఎన్నాళ్ళిలా నాలోకి దూరి అన్నీ సర్దుతావు? నా తప్పు నాది. నాకు వదిలెయ్!"

హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ప్రతివాళ్ళూ వేదిక మీద నీళ్ళు తాగుతున్న ఏకం గారి వైపు నోరు తెరుచుకుని చూశారు. జన్మంతా ఏక చైతన్యాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగించిన మనిషి, ఇంతమందిలో ఆ చైతన్యాన్నే నిలబెట్టి నిలదీశాడని వాళ్ళకి అర్థమైంది. ఎవరో ఒకరు చప్పట్లు మొదలుపెట్టారు. తర్వాత అందరూ లేచి నిలబడి కొట్టారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. మన భాష ఒక్క ముక్క రాని ఏకం గారు, తాను నీళ్ళు తాగిన తీరు ఇంత గొప్పగా ఉందా అని ఆశ్చర్యపోయి, గ్లాసు దించి, వంగి నమస్కారం పెట్టాడు. ఇంత నిజాయితీ తట్టుకోవడం కష్టమనీ, అందరూ టీ తాగి రావాలనీ అధ్యక్షులవారు ప్రకటించారు.

మూడో వరసలో ఒక్కరు మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఒంటిచెవి ఆవిడ హెడ్‌ఫోను తీసి ఒళ్ళో పెట్టుకుని, వెనక్కి తిరిగి మా గాజు గది వైపు చూసింది. ఆ వాక్యం వేదిక మీద పుట్టలేదని సభ మొత్తంలో తెలిసింది ఆవిడకే.

నేను రెండు మైకులూ కట్టేశాను.

"ఇప్పటిదాకా మైకు వేసే ఉందక్కా."

"ఇప్పుడు తెలిసింది" అంది అక్క, చీర చెంగుతో మొహం తుడుచుకుంటూ.

"పొద్దుట్నుంచీ ఏమైంది నీకు? ఒంట్లో బాలేదా?"

"నా ఒళ్ళు రాయిలా ఉంది. కావాలనే చేశానే మొద్దూ! తప్పులు చేసే గొంతు ఒకటుంటే కదా, చేయని గొంతు ఇంకోటుందని ఆవిడకి తెలిసేది? ఎంత కష్టపడి చేశాననుకున్నావు? నాకేమైనా అలవాటా? నేనొకటి చేస్తాను, నువ్వు తుడిచేస్తావు. ఇంకోటి చేస్తాను, అదీ తుడిచేస్తావు. ఇంట్లో గచ్చు కూడా అంత శ్రద్ధగా తుడవవు కదే!"

"నా కోసమా?" అన్నాను.

"అబ్బో, నీ కోసమేనట! నా కోసం కాదా? నువ్వెళ్ళిపోతే ఈ గదిలో నేనొక్కదాన్నే ఉంటాను, పక్క కుర్చీలో ఎవరో పరాయిపిల్ల కూర్చుంటుంది. నేను తప్పు చేస్తే నన్నే తిడతారు. బాగా చేస్తే నన్నే మెచ్చుకుంటారు. టీ ఒక కప్పు వస్తే అది నాదే. నాకు మాత్రం ఉండదా ఆశ?"

విడిగా బతకాలన్న కోరిక ఈ లోకంలో నా ఒక్కదానికే ఉందనుకున్నాను ఇన్నేళ్ళూ. దాన్ని ఎంత భద్రంగా దాచుకున్నానని! తీరా చూస్తే అదీ ఉమ్మడి ఆస్తేనని తేలింది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు గానీ, అక్క మీద మాత్రం చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

అప్పుడే తలుపు మీద వేలితో కొట్టి ఒంటిచెవి ఆవిడ లోపలికొచ్చింది. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మీ పని బాగుంది. చాలా బాగుంది" అంది. "ఈ గదిలోంచి ఒకరిని తీసుకుందామని ముందే అనుకుని వచ్చాను. ఇద్దరిలో ఎవరు ఎవరో పొద్దుట్నుంచీ నాకు అంతు చిక్కలేదు. పోనీలెండి, ఇందాకటి మాటతో నా పని తేలికైంది. సొంత మాట మాట్లాడేవాళ్ళు మాకు వద్దు. రెండోవారు వెంటనే వచ్చి చేరొచ్చు. చెప్పండి, ఆ మాట ఎవరిది?"

"నాది" అన్నాను నేను.

త్యాగమని పొరబడకండి. త్యాగం చేసేవాళ్ళు ముందు కాస్తయినా ఆలోచించుకుంటారు. నేనేమీ ఆలోచించలేదు. అక్క వైపు ఒక తప్పు వస్తోంది, నా వేలు మీట మీదికి వెళ్ళింది, అంతే. దోమ వాలింది, చెయ్యి లేచింది. నేను కలలు కన్న గది, నా పేరు, నా టీ కప్పు, అన్నీ ఆ ఒక్క దెబ్బతో పోయాయని తెలిసేసరికి నోరు మూతపడి ఉంది.

"అబద్ధం! అది నేనన్న మాట" అని అక్క లేచి నిలబడింది. "దీని మాట నమ్మకండి. నాది. నేనే అన్నాను."

ఒంటిచెవి ఆవిడ కళ్ళు మూసుకుని విన్నది. తెరిచి, తల అడ్డంగా ఊపింది. "ఒకటే గొంతు" అంది. "మాకు ఒకరు కావాలి. మీరు ఒకరూ కారు, ఇద్దరూ కారు. మిమ్మల్ని ఏం చేసుకోవాలో నాకు తెలీడం లేదు." అని, తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్ళిపోయింది. ఆ ముక్క వేదిక మీద చెప్పి ఉంటే రెండు రోజుల ఖర్చు కలిసొచ్చేది.

అక్క కుర్చీలో కూలబడింది. అరుస్తుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆ తప్పును కూడా తీసేసుకున్నావు కదే" అంది. అంతే అంది.

నేనేదో అనబోయేలోపు మళ్ళీ తలుపు తెరుచుకుంది. ఈసారి ఏకం గారు, చేతిలో కలంతో. తాను ఇందాక ఒక అద్భుతమైన మాట అన్నాననీ, టీ బల్ల దగ్గర అందరూ దాన్నే చెప్పుకుంటున్నారనీ, అయితే ఆవేశంలో అన్నది కావడంతో తనకి సరిగ్గా గుర్తు లేదనీ, ప్రసంగాన్ని అచ్చు వేసేటప్పుడు చేర్చుకోవాలి గనక కాస్త చెప్పమనీ అడిగాడు.

అక్క ఆయన భాషలో, ఆయన రాసుకోవడానికి వీలుగా, మాట తర్వాత మాట ఆపి ఆపి చెప్పింది. రాసుకుంటున్నకొద్దీ ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "నిజమే. ఇది నాలో ఎప్పట్నుంచో ఉంది" అన్నాడు.

"కింద ఎవరి పేరు వేస్తారు?" అని అడిగింది అక్క.

ఆయన వింతగా చూశాడు. "నాదే. ఇంకెవరిది వేస్తాం?" అన్నాడు. పూలకుండీ గురించి గుర్తొచ్చినట్టుంది, పెద్ద అక్షరాల్లో పడేలా చూసుకోవాలని తనలో తాను గొణుక్కుంటూ వెళ్ళాడు.

మధ్యాహ్నం సభ యథాప్రకారం నడిచింది. సముద్రం మళ్ళీ వచ్చింది. అక్క ఒక్క మాటా తప్పలేదు, నేనూ తప్పలేదు. వంతు మార్చుకున్నప్పుడల్లా అక్క నా వైపు చూడకుండానే మీట కట్టేసింది. మధ్యలో టీ వచ్చింది. ఒక కప్పు. ఎవరమూ తాగలేదు.

సాయంత్రం అందరూ వెళ్ళాక, కుర్చీల మీద వదిలేసిన హెడ్‌ఫోన్లు ఏరడం కూడా అక్కచెల్లెళ్ళ పనే. నేను కిందికి దిగి వరస వెంట వరస ఏరుతున్నాను. అక్క గదిలోనే ఉండిపోయింది. మూడో వరస దగ్గరికి వచ్చేసరికి చేతిలో ఉన్న హెడ్‌ఫోను సన్నగా గొణిగింది. చెవికి పెట్టుకున్నాను.

"ఆ మాట నాది" అంటోంది. "ఎవరూ సర్దక్కర్లేదు. నాది."

నా వేలు, అక్కడ లేని మీట కోసం గాల్లో తడుముకుంది. తలెత్తి చూస్తే వెనక గాజు అవతల ఎర్ర దీపం ముందు అక్క పెదవులు కదులుతున్నాయి. అవి కనిపించాయి గనక సరిపోయింది. లేకపోతే ఆ మాట నేనే అంటున్నాననుకునేదాన్ని.